బీపీ మాత్రలు వాడుతున్నా అంకె ఎందుకు దిగడం లేదు?

ఉదయం పూట ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా ఇలాంటి రోగి ఒకరు కనిపిస్తారు. వయసు యాభై దాటి ఉంటుంది. బీపీ ఉందని తెలిసి రెండేళ్లయింది. రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నానని చెబుతారు. నర్సు చేతికి పట్టీ చుట్టి చూస్తే 158/96. డాక్టరు చీటీ చూసి, ‘ఉప్పు తగ్గించండి, ఇవే మందులు వాడండి, వచ్చే నెల చూద్దాం’ అంటారు. వచ్చే నెల 154/94. మళ్లీ అదే మాట, అదే మాత్ర. ఇలా ఏళ్లు గడిచాక ఒకనాటి తెల్లవారుజామున కాలూ చెయ్యీ పడిపోయి, మాట తడబడుతున్న మనిషిని ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి మోసుకొస్తారు.

‘మందులు సరిగా వాడి ఉండరు’ అని చాలామంది తేల్చేస్తారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ రక్తపోటు లక్ష్యాన్ని చేరకపోవడానికి రోగి అశ్రద్ధ ఒక్కటే కారణం కాదని కొన్ని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. కొలిచే తీరు, మందు పెంచే తీరు, మందు అందే తీరు, తినే తిండి, ఇలా ప్రతి మెట్టు దగ్గరా కొంతమంది జారిపోతున్నారు. ఆ మెట్లేమిటో తెలిస్తే వాటిని సరిచేయడం అసాధ్యమేమీ కాదు.

సగానికి సగం చొప్పున

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అధిక రక్తపోటుపై తొలిసారిగా ఒక సమగ్ర నివేదిక విడుదల చేసింది. అందులోని అంచనా ప్రకారం మన దేశంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో దాదాపు 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. వారిని వంద మందిగా అనుకుంటే, తమకు బీపీ ఉందని తెలిసినవారు 37 మంది. చికిత్స తీసుకుంటున్నవారు 30 మంది. బీపీ అదుపులో ఉన్నవారు 15 మంది మాత్రమే.

ఈ చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. మందులు వాడుతున్నవారిలో కూడా సగం మందే లక్ష్యాన్ని చేరుతున్నారు. జబ్బు ఉన్నట్టు తెలియకపోవడం ఒక సమస్య అయితే, తెలిసి, ఆసుపత్రికి వెళ్లి, మాత్ర వేసుకుంటున్నా అదుపులోకి రాకపోవడం మరో సమస్య.

ఇక్కడ లక్ష్యం అంటే ఏమిటి? మామూలుగా పెద్దలకు పై అంకె 140 కంటే, కింది అంకె 90 కంటే తక్కువగా ఉండాలి. ఇవి పాదరస మట్టంలో మిల్లీమీటర్లు. గుండె జబ్బు ఉన్నవారికి పై అంకెను 130 కంటే తక్కువకు తేవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికీ అదే హద్దును సూచిస్తున్నాయి.

ఈ అంకెల వెనక పెద్ద లెక్కే ఉంది. సుమారు పది లక్షల మంది వివరాలను కలిపి విశ్లేషించిన ఒక పరిశోధన 2002లో వెలువడింది. 40 నుంచి 69 ఏళ్లవారిలో 115/75 నుంచి మొదలుపెట్టి, పై అంకె 20 లేదా కింది అంకె 10 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతోనో గుండెజబ్బుతోనో మరణించే ముప్పు రెట్టింపవుతుందని అందులో తేలింది. అది తగ్గినప్పుడు దక్కే మేలూ అలాంటిదే. పై అంకె కేవలం 5 తగ్గినా గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు దాదాపు పదో వంతు తగ్గుతాయని 2021లో వచ్చిన మరో విశ్లేషణ చూపింది. అంటే 158 నుంచి 154కు వచ్చి ఆగిపోయిన రోగి, ఇంకా దక్కవలసిన రక్షణలో చాలా భాగాన్ని కోల్పోతున్నట్టే.

మందులకు కొరత లేదు

బీపీకి మందు దొరకని కాలం ఒకటి ఉండేది. ఆ చరిత్రలో మన దేశానికీ ఒక పుట ఉంది. ముంబైకి చెందిన హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్, ఆయుర్వేదంలో వాడే సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. ఆ తర్వాత ఆ వేరు నుంచి తీసిన రిసెర్పిన్ ప్రపంచమంతటా వాడకంలోకి వచ్చింది.

ఇప్పుడు పరిస్థితి వేరు. రక్తనాళాలను వదులు చేసే ఆమ్లోడిపిన్, నాళాలను బిగించే హార్మోను పనిని అడ్డుకునే టెల్మిసార్టాన్, ఒంట్లోని అదనపు ఉప్పునూ నీటినీ మూత్రంతో పంపించే క్లోర్తాలిడోన్ వంటివి జనరిక్ రూపంలో చవకగానే దొరుకుతున్నాయి. ఎక్కువ మందికి ఈ మూడు రకాలతోనే బీపీ అదుపులోకి వస్తుంది. కాబట్టి కొత్త మందు కనిపెట్టకపోవడం వల్ల లక్ష్యం తప్పుతోందని అనడానికి లేదు.

మొదటి మెట్టు: కొలత

బీపీ కొలవడం చూడటానికి తేలిక. పొరపాటు చేయడం అంతకన్నా తేలిక. రోగి మెట్లెక్కి వచ్చి, వరుసలో నిలబడి, కూర్చోగానే పట్టీ చుడితే అసలు కంటే ఎక్కువ అంకె వస్తుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకున్నా, కొలుస్తున్నప్పుడు మాట్లాడినా, లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టినా అంతే.

చెయ్యి ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. దాన్ని ఒడిలో పెట్టుకుంటే పై అంకె సుమారు 4, పక్కకు వేలాడదీస్తే 6కు పైగా ఎక్కువ చూపుతుందని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2024లో ప్రకటించారు.

డాక్టరు ఎదుట కూర్చోగానే కంగారుతో బీపీ పెరిగేవారు కొందరు. ఆసుపత్రిలో మామూలుగా ఉండి, ఇంటి దగ్గరా పనిలోనూ పెరిగేవారు మరికొందరు. రక్తపరీక్ష కోసం పరగడుపున రావాలని చెప్పడంతో, ఆ ఉదయం బీపీ మాత్ర కూడా మానేసి వచ్చేవారూ ఉంటారు. అప్పుడు కనిపించే అంకె మందు పనితనాన్ని చెప్పదు.

దీనివల్ల రెండు నష్టాలు. అవసరం లేనివారికి మందు పెరుగుతుంది. అవసరమైనవారి విషయంలో ‘ఇవాళ ఏదో కంగారులో ఎక్కువ చూపిస్తోంది, పోనీలే’ అన్న అనుమానం డాక్టరుకు మిగులుతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, రెండుసార్లు కొలిచి, వీలైతే ఇంటి దగ్గర డిజిటల్ మిషన్‌తో చూసిన అంకెలనూ కలిపి చూస్తే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది.

రెండో మెట్టు: నొప్పి లేని జబ్బు

పంటి నొప్పి వస్తే మాత్ర వేసుకోమని ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. బీపీకి నొప్పి లేదు. చాలామందికి తలనొప్పి గానీ, తల తిరగడం గానీ ఉండవు. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు రోజూ మాత్ర వేసుకోవడం మనిషి స్వభావానికి ఎదురీదడమే.

పైగా మందులు పనిచేసే తీరు కూడా మనిషిని పొరపాటు పడేలా చేస్తుంది. ఆమ్లోడిపిన్ ఒంట్లో చాలాసేపు నిలిచి ఉంటుంది. రెండు రోజులు ఆపినా బీపీ వెంటనే ఎగబాకదు. అప్పుడు చూపించుకుంటే అంకె బాగానే ఉండవచ్చు. దాంతో ‘జబ్బు తగ్గిపోయింది, ఇక మాత్ర ఎందుకు’ అనిపిస్తుంది. కొద్ది రోజుల్లో అది మెల్లగా పాత స్థాయికి చేరుతుంది. అది పెరిగిన సంగతి ఒంటికి తెలియదు.

‘ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట, అలవాటు పడిపోతామట’ అన్న భయం మరొకటి. నిజానికి బీపీ మాత్ర వ్యసనం కాదు. కళ్లద్దాలు పెట్టుకున్నంతసేపే చూపు సరిగా ఉన్నట్టు, మందు వాడినంతకాలమే రక్తపోటు అదుపులో ఉంటుంది. బరువు, ఉప్పు, మద్యం బాగా తగ్గించుకున్న కొందరికి డాక్టరే మోతాదు తగ్గించవచ్చు. సొంతంగా ఆపేయడం వేరు.

దుష్ప్రభావాలను కూడా చిన్నచూపు చూడకూడదు. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. ఈ మందు సన్నని ధమనులను వదులు చేసినంతగా సిరలను వదులు చేయదు. దాంతో వచ్చే రక్తం పెరిగి, కాళ్ల కణజాలంలోకి నీరు ఊరుతుంది. దీన్ని కిడ్నీలు చెడిపోయాయనుకుని భయపడి మాత్ర మానేసేవారున్నారు. టెల్మిసార్టాన్ వంటి మందును జత చేసి ఆమ్లోడిపిన్ మోతాదు తక్కువగా ఉంచితే ఈ వాపు చాలావరకు తగ్గుతుంది. అయితే ఈ సంగతి రోగి చెప్పాలి, వినడానికి డాక్టరుకు సమయం ఉండాలి. వంద మంది వరుసలో ఉన్న చోట ఈ రెండూ కష్టమే.

మూడో మెట్టు: ‘వచ్చే నెల చూద్దాం’

రోగులు మాత్రలు మరచిపోవడం గురించి మాట్లాడినంతగా ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి ఉంది. బీపీ లక్ష్యానికి పైనే ఉందని కళ్లెదుట కనిపిస్తున్నా మందు పెంచకుండా, మరోటి జత చేయకుండా అదే చీటీ మళ్లీ రాయడం. వైద్యులు దీన్ని చికిత్సా జడత్వం అంటారు. ఇది అన్ని దేశాల్లోనూ ఉంది. కొలతపై అనుమానం, రోగి మాత్రలు వేసుకున్నాడో లేదోనన్న సందేహం, ముసలివారికి బీపీ పడిపోతుందేమోనన్న భయం, ‘కొంచెమే కదా ఎక్కువ’ అన్న సర్దుబాటు, సమయం లేకపోవడం, అన్నీ కలిసి ఆ చేతిని ఆపేస్తాయి.

మందు పెంచినప్పుడు కూడా చాలాసార్లు ఒకే మందు మోతాదును రెట్టింపు చేస్తారు. దాని ఫలితం అనుకున్నంత ఉండదు. రక్తపోటును నిలబెట్టడానికి శరీరానికి ఒకటి కంటే ఎక్కువ మార్గాలున్నాయి. నాళాల బిగువు, గుండె వేగం, మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచడం, రెనిన్ అనే పదార్థంతో మొదలయ్యే హార్మోన్ల గొలుసు అందులో కొన్ని. ఒక దారి మూస్తే శరీరం మరో దారి తెరుస్తుంది. ఉప్పును బయటికి పంపే మాత్ర ఇస్తే, ఆ లోటు పూడ్చడానికి రెనిన్ పెరిగి నాళాలను బిగిస్తుంది. అప్పుడు ఆ హార్మోనును అడ్డుకునే మందు తోడైతే రెండు దారులూ మూసుకుంటాయి.

42 ప్రయోగాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2009లో వచ్చింది. ఒకే మందు మోతాదును రెట్టింపు చేయడం కంటే, మరో తరగతి మందును జత చేస్తే అదనంగా దక్కే ప్రయోజనం దాదాపు ఐదు రెట్లు ఎక్కువని అది చెప్పింది. తక్కువ మోతాదుల్లో రెండు మందులు కలిపితే దుష్ప్రభావాలూ తక్కువగానే ఉంటాయి.

మన పొరుగున శ్రీలంకలో జరిగిన ట్రయంఫ్ ప్రయోగం దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లింది. 2018లో ఫలితాలు వెలువడిన ఆ ప్రయోగంలో 700 మంది పాల్గొన్నారు. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్తాలిడోన్ మూడింటినీ తక్కువ మోతాదుల్లో ఒకే మాత్రగా ఇచ్చినవారిలో ఆరు నెలలకు 70 శాతం మంది లక్ష్యాన్ని చేరారు. మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిలో 55 శాతం మందే చేరారు.

భారతదేశంలోనే సుమారు రెండు వేల మందితో జరిగిన టాప్‌స్పిన్ ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. రెండేసి మందులు కలిసిన మూడు రకాల మాత్రలను అందులో పోల్చి చూశారు. మూడూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. ఆరు నెలలకు దాదాపు 70 శాతం మంది బీపీ 140/90 లోపుకు వచ్చింది. ఏ జంట ఇచ్చామన్నదాని కంటే, జంటగా ఇచ్చామా లేదా అన్నదే ముఖ్యమన్నమాట. ఇలాంటి కలయిక మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

నాలుగో మెట్టు: కంచంలోనూ, మందుల షాపులోనూ

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు మించవద్దని చెబుతోంది. అంటే సుమారు ఒక చెంచా. దేశంలో సగటు వాడకం దాదాపు 8 గ్రాములని జాతీయ సర్వే ఆధారంగా 2023లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ‘కూరలో ఉప్పు తగ్గించాం’ అని చెప్పే ఇంట్లోనూ ఆవకాయ, అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుచేపల రూపంలో అది తిరిగి కంచంలోకి వస్తుంది. ఉప్పు ఎక్కువైతే కొన్ని బీపీ మందుల పనితనం కూడా తగ్గుతుంది.

సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడితే మేలుందని చైనాలో 600 గ్రామాల్లో జరిగిన ప్రయోగం 2021లో చూపింది. అక్కడ పక్షవాతం ముప్పు 14 శాతం తగ్గింది. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, టెల్మిసార్టాన్ వంటి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు. వారి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది.

ఉప్పు కంటే తక్కువగా గుర్తించే శత్రువు నొప్పి మాత్ర. మోకాళ్ల నొప్పులకూ నడుము నొప్పికీ మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి మూత్రపిండాల్లో ఉప్పును ఆపి బీపీని పెంచుతాయి, బీపీ మందుల బలాన్నీ తగ్గిస్తాయి. బీపీ చీటీ ఒక డాక్టరు దగ్గర, నొప్పి మాత్రలు మరో చోట తీసుకుంటున్నప్పుడు ఈ సంగతి ఎవరి దృష్టికీ రాదు. మద్యం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి పెద్దగా గురకపెట్టే జబ్బు కూడా అంకెను దిగనివ్వవు.

మూత్రం తెప్పించే మందుతో కలిపి మూడు రకాలను తగిన మోతాదుల్లో, నిజంగా వేసుకుంటున్నా బీపీ దిగనివారు కొద్దిమంది ఉంటారు. దీన్ని మొండి బీపీ అనుకోవచ్చు. వారిలో కొందరికి అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టెరాన్ హార్మోనును ఎక్కువగా విడుదల చేయడమో, మూత్రపిండాలకు వెళ్లే ధమని సన్నబడటమో అసలు కారణం కావచ్చు. వారిని పెద్దాసుపత్రికి పంపాలి. అయితే మొండిగా కనిపించే బీపీలో చాలా భాగం, పై మెట్ల దగ్గర జరిగిన పొరపాట్లు సరిచేస్తే లొంగేదే.

ఐదో మెట్టు: మందు దాకా నడక

ప్రభుత్వ కేంద్రంలో వారానికో పది రోజులకో సరిపడా మాత్రలే ఇస్తే, కూలి పని చేసుకునే మనిషి నెలకు మూడు నాలుగు పనిదినాలు పోగొట్టుకోవాలి. తీరా వెళ్తే ‘స్టాకు లేదు’ అన్నా, పోయినసారి ఇచ్చింది కాకుండా మరో రంగు మాత్ర ఇచ్చినా నమ్మకం సడలుతుంది. మాత్ర చవకే కావచ్చు, దాని కోసం పోయే రోజు చవక కాదు.

ఈ మెట్టును సరిచేయడానికి మన దేశంలో జరిగిన ప్రయత్నమే భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి దీన్ని మొదట తెలంగాణ, పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోని కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టాయి. ఇందులో కొత్త మందేమీ లేదు. ఏ అంకెకు ఏ మాత్ర, తగ్గకపోతే తర్వాత ఏది అన్నది ఒక్క కాగితంలో రాసిపెట్టారు. మందులు నిండుకోకుండా ముందే లెక్క కట్టారు. బీపీ చూడటం, మందు అందించడం వంటి పనులను నర్సులు, ఆరోగ్య కార్యకర్తలకు పంచారు. ఊరికి దగ్గరలోనే నెలకు సరిపడా మందులిచ్చే ఏర్పాటు చేశారు. రానివారెవరో తెలిసేలా ప్రతి రోగి వివరాలూ నమోదు చేశారు. చికిత్సలో ఉన్నవారిలో దాదాపు సగం మందికి బీపీ అదుపులోకి వచ్చింది. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్య సమితి పురస్కారం దక్కింది.

ఇలాంటి ఫలితమే ఇతర చోట్లా కనిపించింది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక గ్రామాల్లో 2,600 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్లి బీపీ చూసి, సలహా ఇచ్చి, అవసరమైనవారిని డాక్టరు దగ్గరికి పంపారు. రెండేళ్లలో అక్కడి పై అంకె ఇతర గ్రామాల కంటే సగటున 5 ఎక్కువ తగ్గింది. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ రోగుల జాబితా, ఒకే చికిత్సా పద్ధతి, కలయిక మాత్రలు, ఫీజు లేకుండా బీపీ చూసే ఏర్పాటుతో నియంత్రణను 2001లోని 44 శాతం నుంచి 2009 నాటికి 80 శాతానికి తీసుకెళ్లింది.

అడగవలసిన ప్రశ్న

ఆరోగ్య కేంద్రంలో 158/96 అంకెతో కూర్చున్న రోగి దగ్గరికి మళ్లీ వద్దాం. ‘మందులు వాడుతున్నారా?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆ సంభాషణ ముగిసిపోకూడదు. కూర్చోబెట్టి సరిగా కొలిచారా? ఈ ఉదయం మాత్ర వేసుకునే వచ్చారా? కాళ్ల వాపు వంటి ఇబ్బంది వల్ల మానేస్తున్నారా? నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా? పోయిన నెల మందు దొరికిందా? ఇవన్నీ సరిగానే ఉంటే, రెండో మందు ఇవాళే ఎందుకు జత చేయకూడదు?

ఈ చివరి ప్రశ్నను రోగి కూడా అడగవచ్చు. ‘నా లక్ష్యం ఎంత? ఇవాళ ఎంత ఉంది? తేడా ఉంటే ఏం మారుస్తున్నారు?’ అని అడగడం డాక్టరును తప్పుపట్టడం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం కూడా మందు మొదలుపెట్టినా, మార్చినా లక్ష్యం చేరేవరకు నెలనెలా చూడాలనే చెబుతోంది. నెలనెలా చూడటమంటే అదే చీటీని తిరగరాయడం కాదు, అంకె దిగేదాకా చికిత్సను సరిచేస్తూ పోవడం. మందులు సొంతంగా పెంచుకోవడం, ఆపడం మాత్రం చేయకూడదు.

అదుపు రేటును సగానికి చేర్చాలంటే మన దేశంలో మరో 6.7 కోట్ల మందికి సరైన చికిత్స అందాలని, అది జరిగితే 2040 నాటికి 46 లక్షల మరణాలను తప్పించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. ఆ మరణాలను ఆపే మాత్రలు ఇప్పటికే మందుల అరల్లో ఉన్నాయి. ఇక సరిచేయవలసింది అక్కడి నుంచి రోగి దాకా ఉన్న మెట్లనే.